చాపల కింద చోళ్లు

మా పాస్టరు శివప్రసాద్ గారి గొంతు చాలా బాగుంటుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఆయన్ని మెచ్చుకోవడానికి నాకు మళ్లీ సందు దొరక్కపోవచ్చు.

ఎగువనున్న ఇప్పలగుడ గూడెం మీద కొండ జారి పడ్డాక, ఆ మంచి గొంతుతోనే ఆయన మైకులో ప్రార్థన అందుకున్నాడు.

"ప్రభువా, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వానలో నిలిచిన ఆ నిర్భాగ్యులను జ్ఞాపకం చేసుకో తండ్రీ. వారికొక నీడ చూపించు తండ్రీ. వారి తలల మీద ఒక కప్పు ఏర్పాటు చెయ్యి తండ్రీ."

ఆ నిర్భాగ్యులు చర్చి గోడకి అవతలే ఉన్నారు. కిటికీలోంచి చెయ్యి చాపితే వాళ్ల టార్పాలిన్ తగులుతుంది. లౌడ్‌స్పీకరు కూడా వాళ్ల వైపే తిరిగి ఉంది కాబట్టి, తమ కోసం ఎంత చక్కగా ప్రార్థిస్తున్నారో వాళ్లకి ఒక్క ముక్క పోకుండా వినిపించింది. స్లాబు కింద, పొడి గచ్చు మీద కూర్చుని మా సంఘమంతా కళ్లు మూసుకుని "ఆమేన్" అంది. నేను అనలేదు. నా నోటి దాకా వచ్చింది వేరే మాట. అది చర్చిలో అనదగ్గది కాదు.

నా పేరు స్వర్ణ. పెదగెడ్డలో అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయన రవిబాబు సంఘ పెద్ద. చర్చి తాళాలు ఆయన మొలతాడుకే ఉంటాయి. టార్పాలిన్ కింద కూర్చున్న వాళ్లలో మా అప్ప, అంటే మా అక్క, కనక ఒకతి. నేను పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చి బాప్తిస్మం తీసుకున్నాను. అప్ప ఎగువన ఇప్పలగుడ మంగ్లు బావని చేసుకుని వాళ్ల కొండదేవత జాకరమ్మ దగ్గరే ఉండిపోయింది. దేవుళ్ల గురించి మా ఇద్దరికీ ఎన్నడూ తగువు రాలేదు. అందుకు తీరికుంటే కదా!

కొండ పట్టపగలే జారింది. పొద్దున్నుంచి గెడ్డ ఎర్రగా పారుతోందని, పైన రాళ్లు కదులుతున్న చప్పుడవుతోందని బావ గూడెంలో అందరినీ బయటికి తోలాడట. తన ఇంట్లోంచి ముందు విత్తనాల బుట్టలు అప్ప చేతికి అందించాడు. తర్వాత ఆవుని విప్పుకొస్తానని వెనక్కి వెళ్లాడు. అంతే. ఇళ్లన్నీ మట్టి కిందకి పోయాయి, బావా పోయాడు. ఘాట్ రోడ్డు టైడా దగ్గర తెగిపోయింది, రైళ్లు ఆగిపోయాయి, జేసీబీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు లేడు. మా అప్ప ఒక బుట్ట నెత్తిన, ఒక బుట్ట చంకన పెట్టుకుని వానలో కిందకి దిగింది. ఏడవలేదు. అది ఏడవకపోవడం చూస్తే నాకు భయమేసింది.

ఆ బుట్టల సంగతి చెప్పాలి. ఎగువ గూడేల్లో చైత్రం పండగకి ఇంటింటి విత్తనాలూ జాకరమ్మ ముందు పెట్టి, కోడిని కోసి, ఆ నెత్తురు చుక్కలు కలుపుతారు. పూజారి అందులోంచి కొన్ని గింజలు తీసి అందరి నుదుటికీ అద్దుతాడు. అప్పట్నుంచి విత్తనం నేలలో పడేదాకా దాన్ని ఒంటరిగా వదలరు. ఇంటి ఆడమనిషి దాని పక్కనే పడుకుంటుంది. చోళ్లు, అంటే రాగులు, ఇంకా సామలు, కొద్దిగా కందులు. తడిస్తే మొలకెత్తిపోతాయి, లేదా బూజు పడతాయి. అవి పోతే ఆ గూడేనికి ఈ ఏడు పంట లేదు, వచ్చే ఏడుకి విత్తనమూ లేదు. ఇళ్లు మళ్లీ కట్టుకోవచ్చు. పోయిన మనిషి ఎలాగూ రాడు. వాళ్లకి మిగిలిందల్లా ఆ బుట్టలే.

మా ఊళ్లో చూద్దామంటే సగం ఇళ్ల రేకులు తుఫాను పట్టుకుపోయింది. నా అంగన్‌వాడీ కప్పు ఎవరి పొలంలో పడిందో ఇంకా తెలీదు. మా ఇంట్లో కారని మూల ఒక్కటే, అందులో ఎగువ నుంచి వచ్చిన పిల్లల్ని పడుకోబెట్టాం. చుక్క నీరు పడని చోటు ఊరు మొత్తానికీ చర్చే.

అందుకే వాళ్లు తిన్నగా చర్చి మెట్ల దగ్గరికే వచ్చారు. ముందు పూజారి గాసి తాత, వెనక తమ ఇళ్ల బుట్టలతో ఆడవాళ్లు. మా ఆయన సంతోషంగానే తలుపు తీశాడు. పాస్టరు గారు బుట్టల వైపు చూశాడు.

"ఇవేమిటి?"

"ఇత్తనాలు బాబూ," అన్నాడు గాసి తాత. "మాకు సోటు లేపోయినా పర్నేదు. ఈటికి సూపించండి."

"అమ్మవారి ముందు పెట్టినవేనా?"

అబద్ధం ఆడితే అక్కడితో అయిపోయేది. గాసి తాతకి ఆ విద్య రాదు. "మరి పెట్టకుంట ఇత్తుతారేటి బాబూ?" అన్నాడు.

పాస్టరు గారు తల అడ్డంగా ఊపాడు. మనుషులు లోపలికి రావచ్చునట. విగ్రహాలకు అర్పించినది, అందులోనూ నెత్తురు అంటినది, పరిశుద్ధ స్థలంలోకి రాకూడదట. "బుట్టలు బయట పెట్టి రండమ్మా, ప్రభువు చూసుకుంటాడు," అన్నాడు ఎంతో దయగా.

ఎవరూ రాలేదు. మా అప్ప బుట్టని ఒళ్లోకి తీసుకుని మెట్ల పక్క బురదలో కూర్చుంది. మిగతావాళ్లూ కూర్చున్నారు. మా ఆయన ఎక్కడినుంచో చిరుగుల టార్పాలిన్ తెచ్చి కట్టాడు. ఆ మాత్రం చేసినందుకు ఆ పూటంతా మంచివాడిలా మొహం పెట్టుకుని తిరిగాడు.

ఇంటికొచ్చాక అడిగాను. "ఏటయ్యా, పేరులో శివుణ్ణెట్టుకున్న మనిషిని మైకు ముందు నిలబెట్టేం. ఆయన తాకితే మైలపడని చర్చి, సోళ్లు తాకితే మైలపడిపోద్దా?"

"నువ్వూరుకో సొర్నా. పెద్దోళ్ల ఇసయం."

"ఆ పెద్దోళ్లలో నువ్వూ ఒకడివి కదా. నువ్వేటన్నావు?"

"నానేటంతాను? అయ్యగారు సెప్పేక."

మా ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఏదో ఒకటి చేసి ఉండేవాడు. ఆయన ఏమీ చెయ్యడు. తాళాలు మాత్రం మోస్తాడు.

పాస్టరు గారు మాత్రం ఊరికే ఉండలేదు. బాధితుల కోసం గొలుసు ప్రార్థన ప్రకటించాడు. ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా ప్రార్థించడమన్నమాట. ఒకరు ముగించేలోగా ఇంకొకరు అందుకోవాలి. ప్రార్థిస్తున్న మనిషిని ఎవరూ ఆపకూడదు, మధ్యలో ఎవరూ మాట కలపకూడదు. వాన ఆగేదాకా గొలుసు తెగకూడదని ఆయనే నిబంధన పెట్టాడు. కరెంటు లేదని జనరేటరు తెప్పించాడు. దాంతో మైకు పనిచేసింది, రెండు ఫ్యాన్లు కూడా తిరిగాయి. ఎవరికి గాలి ఆడలేదో నాకు తెలీదు.

మా వాళ్ల ప్రార్థనలు వినాలి మీరు. ఒకాయన ప్రపంచంలో భూకంపాలు వచ్చిన దేశాలన్నిటినీ తలుచుకున్నాడు. ఒకాయన ఈ విపత్తు ద్వారా అన్యుల కళ్లు తెరిపించమన్నాడు. కొండ కింద పోయినవాడి గురించి ఎవరో అడగబోతే, విశ్వాసం లేకుండా చనిపోయిన వారి కోసం ప్రార్థించడం పద్ధతి కాదని పాస్టరు గారు చెప్పాడు. బావ పేరు మైకులో ఎవరూ ఎత్తలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు పైకెత్తి, గోడ అవతల ఉన్న మనుషులకి నీడ చూపించమని దేవుణ్ణి అడుగుతున్నారు. సిగ్గనేది మనిషికి ఉండాలి. మా సంఘంలో అది ప్రార్థనాంశాల్లో లేదు.

మధ్యాహ్నం అప్పకి గంజి తీసుకెళ్లాను. అది తాగలేదు. బుట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున గింజలు తడుముతోంది.

"అడుగు యేడెక్కుతంది సొర్నా," అంది. లోపల తడి చేరి గింజ ఉడుకెక్కుతోందన్నమాట. పరిచి ఆరబెట్టకపోతే రెండు పూటల్లో మొలకొచ్చేస్తుంది.

లోపలినుంచి ఎవరో "ఓ దేవా! ఆలకించు!" అని గట్టిగా అరిచారు. లౌడ్‌స్పీకరు కీచుమంది. అప్ప తలెత్తి దాని వైపు చూసింది.

"మీ దేముడికి సెవుడేటే?" అంది. "ఇంత మైకెట్టి సెప్పాల?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఒళ్లు మాత్రం మండిపోయింది.

మా చర్చిలో ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. ఎవరి చాప వాళ్లే చుట్టుకుని తెచ్చుకోవాలి. తలుపు దగ్గర నిలబడే మా ఆయన చెప్పులు విప్పారో లేదో చూస్తాడు గాని, ఈత చాప చుట్టలో ఏముందో ఎందుకు చూస్తాడు? మా సంఘంలో సగం మంది ఆడవాళ్లకి ఎగువన అక్కో వదినో ఉంది. నేను ఎవరికీ పెద్దగా చెప్పి ఒప్పించాల్సిన పని పడలేదు. ఆడవాళ్ల వంతు వచ్చేసరికి ఒక్కొక్కరూ టార్పాలిన్ పక్కగా వచ్చారు. చాప విప్పి, గుడ్డలో పోసిన గింజల్ని పెట్టి, మళ్లీ చుట్టుకున్నారు. గాసి తాత బుట్టల దగ్గర కూర్చుని చేటతో పోస్తూ, చర్చి వైపు వీపు తిప్పుకున్నాడు. అటు చూస్తే నవ్వొచ్చేస్తుందని తర్వాత చెప్పాడు.

విత్తనాన్ని వదిలి ఉండకూడదు కదా అని అప్పనడిగాను. "నువ్వుంతావు కదా," అంది. ఖాళీ బుట్టని మాత్రం ఒళ్లోంచి దించలేదు.

లోపల గచ్చు మీద పాత చీరలు పరిచాం. వాటి మీద గింజలు పల్చగా పోసి, పైన చాపలు వేసి, మోకరించాం. చోళ్లు చిన్న గింజలే గాని మోకాలి కింద పడితే తెలుస్తుంది. కందుల మీద పడినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంతవరకూ కునుకుతూ ప్రార్థించిన వాళ్లు కూడా "అయ్యో ప్రభువా!" అని పైకి మూలిగారు. వంతు మారినప్పుడల్లా చాప సర్దుతున్నట్టు వంగి, గింజల్ని చేత్తో కలియబెట్టేవాళ్లం. ఫ్యాను గాలి చాపల అంచుల కిందకి దూరేది. ఆ ఫ్యాన్లు పనికొచ్చింది అప్పుడే.

పాస్టరు గారి భార్య పద్మావతి గారు అందరి కంటే ముందు మోకరించే మనిషి. నా పక్కనే వాలింది, ఉలిక్కిపడింది, చాప అంచు కొద్దిగా ఎత్తి చూసింది. ఆవిడ నా మొహం చూసింది, తన భర్త వీపు చూసింది. చాప నెమ్మదిగా సర్ది, "స్తోత్రం" అని మళ్లీ మోకరించింది. ఆ సంఘంలో నాకు గౌరవం కలిగిన మొదటి క్షణం అదే.

మర్నాడు మధ్యాహ్నం దాకా బండి బాగానే నడిచింది. చెడగొట్టింది మా మూలుగులే. ఎడమవైపు నుంచి వచ్చే ఆ నిట్టూర్పులు విని పాస్టరు గారు పరవశించిపోయాడు. ఇన్నేళ్ల పరిచర్యలో ఇలాంటి భారం గల ప్రార్థన చూడలేదన్నాడు. ఆత్మ కదులుతోందన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ మా వైపు వచ్చి, ఖాళీగా ఉన్న చాప మీద సాగిలపడ్డాడు. ఆ పడడంలో చాప జరిగింది. ఆయన నుదురు తిన్నగా చోళ్ల మీద ఆనింది.

చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచేసరికి నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా గింజలు అతుక్కుని ఉన్నాయి. చైత్రం పండగలో పూజారి అద్దినట్టే, సరిగ్గా రెండు కనుబొమల మధ్య. ఆయనకి తెలీదు. రెండు చేతులూ ఎత్తి "నీ అభిషేకానికి వందనాలు ప్రభువా!" అన్నాడు.

కిటికీ అవతల గాసి తాత ఆ మొహం చూశాడు. ఆపుకోలేకపోయాడు. కొండ పడ్డాక ఆ మనుషుల్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. పాస్టరు గారు నుదురు తడుముకున్నాడు. చేతికి వచ్చిన గింజలు చూసుకున్నాడు. కిందకి చూశాడు. జరిగిన చాపా, చీరా, చీర మీద విత్తనమూ కనిపించాయి. మొహం గింజల రంగులోకి వచ్చింది.

"ఎవరు?" అన్నాడు. "ఎవరు తెచ్చారు ఈ అపవిత్రం? రవిబాబు గారూ! ఇదంతా ఊడ్చి బయట పారబొయ్యండి!"

బయట వాన ధారగా పడుతోంది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మూలనున్న చీపురు వైపు నడిచాడు. నాకు తెలుసు, ఆ మనిషి ఊడ్చేస్తాడు. ఏడుస్తూనైనా ఊడ్చేస్తాడు. బావ ప్రాణం పోయే ముందు అందించిన గింజల్ని నా మొగుడే బురదలో పోస్తాడు.

అప్పుడు మైకు స్టాండులో ఒంటరిగా ఉంది. లేచి అందుకున్నాను.

"ప్రభువా! నీకు స్తోత్రం!" అన్నాను.

అందరి కళ్లూ మూతపడ్డాయి. అలవాటు అంత బలమైనది. పాస్టరు గారి కళ్లు కూడా సగం మూసుకున్నాయి. మా ఆయన చీపురు పట్టుకుని ఆగిపోయి తల వంచాడు. గొలుసు తెగకూడదు, ప్రార్థిస్తున్న మనిషిని ఆపకూడదు. నిబంధన నాది కాదు.

"ప్రభువా, మంగ్లు పేరు ఈ మైకులో ఎవరూ సెప్పనేదు. నాను సెప్తన్నాను. మంగ్లు, ప్రభువా. మా అప్ప మొగుడు. నీ సంగంలో ఆడి పేరు నేదు. అయినా నీకు తెలీకుంట ఉండదు. గూడెం మొత్తాన్ని బయటికి తోలినాడు. ముందు ఈ ఇత్తనాలు అందించినాడు. ఆవు కోసం ఎనక్కెల్లి కొండ కిందుండిపోయినాడు. ఈ సోళ్లు ఆడు ఆకర్న ముట్టుకున్నయి ప్రభువా. ఈటి మీద సీపురు పడనియ్యకు."

ఎడమవైపు "ఆమేన్" వచ్చింది. స్పీకరు కంటే గట్టిగా వచ్చింది.

"నిన్నటాల నుండి ఆళ్లకి నీడ సూపించమని నిన్ను పీకతన్నాం. నువ్వు ఎప్పుడో సూపించేవు. స్లాబుది. గచ్చున్నాది, ఫ్యానున్నాది. తాళం మా మొగుడి మొల్లో ఉన్నాది. ఇంకా నిన్ను అడగడానికి మాకు సిగ్గు నేదు ప్రభువా, సెమించు. ఇదిగో, తలుపు కాడ రవిబాబని ఒక మనిసున్నాడు. మంచోడే. బయం ఎక్కువ. ఆడి సేతిలో సీపురు కింద పడనియ్యి ప్రభువా. ఆణ్ని ఓ రెండడుగులు పక్కకి జరుపు."

నేను ఒక కన్ను తెరిచి చూశాను. తప్పే. మా ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. చీపురు గోడకి ఆన్చాడు. అలా కళ్లు మూసుకునే, తడుముకుంటూ, తలుపు రెక్క బార్లా తీసి పక్కకి జరిగాడు.

"మా కనకప్పని పిలు ప్రభువా. గాసి తాతని పిలు. మిగిలిన బుట్టలు కూడా అట్టుకుని బేగి లోపలికి రమ్మను. వానలో కూకున్నది సాలు."

లౌడ్‌స్పీకరు వాళ్ల వైపే ఉందని ముందే చెప్పాను. తడి కాళ్ల చప్పుడు మెట్ల మీద వినిపించింది. పాస్టరు గారు గొంతు సవరించుకుని "సహోదరీ..." అనేలోపు, నా పక్కనుంచి పద్మావతి గారు "అవును తండ్రీ!" అని అందుకుంది. ఆవిడ ఆపగానే వెనక వరసలో ముసలమ్మ అందుకుంది. ఆ తర్వాత ఇంకొకతి. ఈసారి భూకంప దేశాలు ఎవరికీ గుర్తు రాలేదు. పేర్లు పెట్టి అడిగారు. ఫలానా వదినకి జ్వరం, దుప్పటి కావాలి, మా ఇంట్లో ఒకటుంది ప్రభువా, ఇప్పుడే తెస్తాను అన్నారు. తెచ్చారు కూడా. ఆయన నోరు తెరవడం, ఎవరో "ప్రభువా" అనడం, ఆయన కళ్లు మూసుకోవడం. సాయంత్రానికి అలిసిపోయి కుర్చీలో కూలబడ్డాడు.

మా అప్ప వచ్చి నా చాప పక్కన కూర్చుంది. చీర అంచు ఎత్తి గింజలు చేత్తో తడిమింది, రెండు పంటికింద వేసి కొరికి చూసింది. తర్వాత మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. మైకులో బావ పేరు విన్నప్పటి నుంచీ ఆపుకుంటోందట. నేనూ ఏడ్చాను. దానికి నాకు మైకు అక్కర్లేకపోయింది.

వాన ఆగింది. రోడ్డు బాగయ్యాక జేసీబీ వచ్చింది. బావ ఆవు పక్కనే దొరికాడు. మా ఊరి మగవాళ్లంతా వెళ్లి మోశారు. మా ఆయన ముందు వరసలో మోశాడు. విత్తనంలో అడుగున కొద్దిగా మొలకొచ్చింది గాని మిగతాదంతా దక్కింది. మా వాలు పొలంలో ఓ చెక్క ఇస్తే అప్ప అక్కడ చోళ్లు విత్తుకుంది.

ఆదివారం పాస్టరు గారు ప్రసంగించాడు. ఆయనకి ఇలాంటి వాటినుంచి తేరుకోవడం బాగా తెలుసు. "మన గొలుసు ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడు. నిరాశ్రయులకు తన మందిరంలోనే ఆశ్రయమిచ్చాడు," అని ఆ మంచి గొంతుతో చెబుతుంటే కొందరు కళ్లు తుడుచుకున్నారు. మా ఆయన కూడా తుడుచుకున్నాడు. నుదుటి సంగతి ప్రసంగంలో రాలేదు.

చర్చయ్యాక పొలానికి వెళ్లాను. స్పీకరు అక్కడికీ వినిపిస్తుంది. అప్ప కందులకి గుంత తవ్వుతూ ఆగింది.

"ఒలే, నానడిగిందానికి నువ్వింకా సెప్పనేదు. మీ దేముడికి సెవుడేనా? ఆ మైకెందుకూ?"

ఈసారి నా దగ్గర జవాబుంది.

"దేముడికి బాగానే ఇనిపిస్తాదే అప్పా," అన్నాను. "ఆ మైకు నా మొగుడికి."